రంగు కింద కండ

ఏడాదికోసారి మా ఆవిడ నాకు రంగులు వేస్తుంది. గోడకి వేసినట్టు కాదు, ఓపిగ్గా, సన్న కుంచెతో, కుడి చెయ్యి, కుడి కాలు మొత్తం. ఆవిడ ఫిజియోథెరపీ కాలేజీలో అనాటమీ చెబుతుంది. చర్మం కింద ఏ కండ ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుందో పుస్తకంలో బొమ్మ చూస్తే పిల్లల బుర్రకెక్కదట, బతికున్న మనిషి మీద చూపించాలట. అలాంటి మనిషి ఎక్కడా దొరక్క చివరికి నన్ను పెళ్లి చేసుకుందని నేను అందరితో అంటుంటాను. ఆవిడ కాదనదు.

నాది అద్దాల షాపు. కిటికీలకీ బీరువాలకీ అద్దం కోసి బిగించడం నా పని. పలకలు ఎత్తీ దించీ కండలు తేలిన ఒళ్లు కాబట్టి ఆవిడకి బాగా పనికొస్తాను. నిక్కరు వేసుకుని క్లాసు మధ్యలో బల్ల మీద నిలబడితే పిల్లలు ముందు కిసుక్కున నవ్వుతారు, తర్వాత మార్కులు గుర్తొచ్చి మూతులు బిగించుకుంటారు. వెనకాల నన్ను బొమ్మ సార్ అంటారని నాకు తెలుసు. తెలియనట్టు ఊరుకుంటాను.

ఈ ఏడు కూడా ప్రాక్టికల్ రోజు పొద్దున్నే కాలేజీలో తన గదికి తీసుకెళ్లి స్టూలు మీద కూర్చోబెట్టింది. కండలకి ఎరుపు, వాటిని ఎముకకి కట్టిపడేసే తాళ్లకి తెలుపు, నరాలకి పసుపు. భుజం మీద టోపీలా కప్పుకునే కండ, జబ్బ ముందు ఉబ్బే కండ, వెనక మూడు పాయల కండ, ముంజేతిలో వేళ్లని లాగే పొడుగాటివి, తర్వాత తొడ, పిక్క. అంచుల్లో ముదురు, నడుమ లేత. అలా వేస్తే కండ ఉబ్బెత్తుగా కనిపిస్తుందని ఆవిడ కిటుకు. అన్నీ కంఠతా వచ్చు, పుస్తకం వైపు తల తిప్పదు. నిజం చెప్పాలంటే నా చెయ్యి వైపూ పెద్దగా చూడదు. కుంచె పని కుంచెది, నోటి పని నోటిది. ఆ పూట నోటికి దొరికినవాడు తన తమ్ముడు, అంటే నా షాపులో నాతో పనిచేసే మా బావమరిది. వాడు ఫోన్ ఎత్తడనీ, ఎత్తినా పలకడనీ చెబుతూ నా చేతి వెనక, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక కండ గుండ్రంగా, నిండుగా వేసేసింది.

ఆ కండే చూపించమని కళ్లజోడు పెట్టుకున్న ఒక పొడుగాటి అమ్మాయిని అడిగింది పరీక్షలో. అమ్మాయి తెలివిగా నా చూపుడువేలికి తన వేలు అడ్డుపెట్టి, "పక్కకి నెట్టండి సార్," అంది. నెట్టాను. ఎర్రరంగు మీద బొటనవేలితో నొక్కి చూసింది. మళ్లీ నొక్కింది. మొహం ఎర్రబడింది.

"మేడం, ఇక్కడ కండ తగలట్లేదు."

"సరిగ్గా పట్టుకో."

"పట్టుకున్నాను మేడం. రంగే ఉంది. కింద ఎముక తగులుతోంది."

వెనక ఎవరో నవ్వారు. మా ఆవిడకి చర్రున కోపం వచ్చింది. "అంత నిండుగా కళ్లెదుట కనిపిస్తుంటే తగలట్లేదంటావేంటి? పుస్తకం తెరవకుండా వస్తే ఇలాగే ఉంటుంది. వెళ్లి కూర్చో."

అమ్మాయి తలొంచుకుని వెళ్లి కూర్చుంది. పాపం అనిపించింది. ఇంట్లో ఈవిడ కోపం నేను రోజూ తింటున్నదే, కానీ ఆ పిల్లకి కొత్త కదా.

పరీక్ష అయ్యాక నేను రంగు కడుక్కోవడానికి వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్తే నా వెనకే వచ్చింది. "ఆగండి, నేను కడుగుతాను," అంది. ఎప్పుడూ లేనిది. ఒళ్లంతా వదిలేసి ఆ ఒక్క చెయ్యీ పట్టుకుని సబ్బు రాసి కడిగింది. ఎర్రనీళ్లు పోతున్నకొద్దీ అక్కడ గుంట బయటపడింది. మెత్తటి పిండిలో బొటనవేలు నొక్కితే పడే గుంటలాంటిది. చెయ్యి ట్యూబ్‌లైటు కిందికి తిప్పింది, ఎడమ చెయ్యి పక్కన పెట్టింది. ఎడమచేతిలో కండ చక్కగా ఉబ్బి ఉంది. కుడిచేతిలో లేదు.

"ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"ఏమో, నేను చూసుకోలేదు. అయినా రోజూ చూసేదానివి నువ్వే కదా."

వేళాకోళానికే అన్నాను. ఆవిడ నవ్వలేదు. నా చెయ్యి తుడవడం కూడా మరిచిపోయి క్లాసులోకి వెళ్లి, ఆ కళ్లజోడు అమ్మాయితో అందరి ముందూ, "నువ్వు చెప్పిందే రైటమ్మా, తప్పు నాది. అక్కడ కండ లేదు," అంది. అమ్మాయి మొహం చేటంత అయింది. థాంక్యూ మేడం, థాంక్యూ సార్ అని నాకు కూడా చెప్పింది. నేనూ నవ్వాను.

ఆ రోజు నుంచి మా ఆవిడకి నా మీద ప్రేమ పొంగుకొచ్చింది. టీవీ చూస్తుంటే వచ్చి పక్కన కూర్చుని నా కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని పిక్కలు నిమరడం, జబ్బలు పట్టి చూడడం. పెళ్లయిన కొత్తలో కూడా ఇంత మురిపెం లేదు. ఆలస్యంగానైనా నా అందం కంటబడిందే అని మురిసిపోయాను. తర్వాత మడమల మీద నడవమంది. మునివేళ్ల మీద నడవమంది. నాలుక బయటికి చాపి అలాగే ఉంచమని, టార్చి వేసి, ఏదో పారేసుకున్నదానిలా వెతికింది. అప్పటికి నా మురిపెం దిగిపోయింది.

ఒక ఆదివారం సాయంత్రం రబ్బరు సుత్తి తెచ్చి మోకాలి చిప్ప కింద కొట్టింది. కాలు ఎగిరి టీపాయి మీద టీ కప్పుని తన్నినంత పని చేసింది. "భలే ఎగిరిందే," అన్నాను గొప్పగా. ఆవిడ సుత్తి కింద పెట్టేసి గుండుసూది తీసింది. నన్ను కళ్లు మూసుకోమని చిటికెన వేలి మీద గుచ్చింది.

"తెలుస్తోందా?"

"బ్రహ్మాండంగా."

"కాస్త మొద్దుబారినట్టు లేదా? తిమ్మిరిగా?"

"అబ్బే. నా చేతికేం, ఇనుపముక్క."

కళ్లు తెరిచేసరికి ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. అప్పుడు నాకు వెలిగింది. నేను బాగుందన్న ప్రతిసారీ ఈవిడ ఇంకాస్త కుంగిపోతోంది. నా వేలు మొద్దుబారాలని ఈవిడ దేవుళ్లకి మొక్కుకుంటోంది.

"నేను పాసైనకొద్దీ నువ్వు ఏడుపుమొహం పెడుతున్నావు. ఏంటి సంగతి? దాచకు," అన్నాను.

చాలాసేపు సూదిని డబ్బాలో పెట్టడానికే అవస్థపడింది. తర్వాత చెప్పింది, క్లాసులో చెప్పినట్టే నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటి. మోచేతి దగ్గర ఒక నరం ఎముకని ఆనుకుని వెళ్తుంది. అది నొక్కుకుపోతే ఈ కండ కరిగిపోతుంది. దాంతోపాటు చిటికెన వేలు మొద్దుబారుతుంది. అదైతే భయం లేదు, చిన్న ఆపరేషన్‌తో పోతుంది. స్పర్శ అంతా బాగుండి కండ ఒక్కటే కరుగుతుంటే అది ఇంకో జబ్బు కావచ్చు. అది ఒక కండతో ఆగదు.

"ఎక్కడిదాకా పోతుంది?"

 అడిగాక నాకే గుర్తొచ్చింది. వాళ్ల కాలేజీలోనే ఫిజియాలజీ చెప్పే మాస్టారు ఉండేవాడు. పెద్ద మాటకారి, నన్ను చూస్తే ‘ఏమోయ్ అద్దాలూ’ అనేవాడు. ఒకరోజు క్లాసులో ఆయన చేతిలోంచి సుద్దముక్క జారింది, తర్వాత పెన్ను, తర్వాత చెంచా. ఆఖర్న మేము చూడబోయినప్పుడు దిండ్ల మధ్య కూర్చోబెట్టి ఉన్నాడు. భార్య నోరు తుడుస్తోంది. కాళ్లూ చేతులూ గొంతూ అన్నీ పోయాయి, బుర్ర మాత్రం చెక్కుచెదరలేదు. నన్ను గుర్తుపట్టి కళ్లతో పలకరించాడు. నేను పట్టుమని ఐదు నిమిషాలు కూర్చోలేక బయటికొచ్చేశాను.

నేను భయస్థుడిని కాను. నిలువెత్తు అద్దాన్ని పట్టుకుని మెట్లెక్కేవాడు భయపడితే పని జరగదు. కానీ ఆ రోజు భయమేసింది.  చావంటే అంత భయం లేదు. ఆ దిండ్ల మధ్య కూర్చోవడం తలుచుకుంటేనే చెమట పట్టింది.

మర్నాటి నుంచి నాకు లోకంలో చేతులు తప్ప ఇంకేం కనబడలేదు. బస్సులో కడ్డీ పట్టుకున్నవాడి చెయ్యి, చిల్లర ఇచ్చే కొట్టువాడి చెయ్యి, ముక్కులో వేలు పెట్టుకున్న చంటివెధవ చెయ్యి. ప్రతివాడికీ ఆ కండ ఉంది. ఎవడికీ అది ఉందని తెలియదు. వాళ్లందరి మీదా ఒళ్లు మండింది.

షాపులో బావమరిదితో కలిసి ఒక పెద్ద పలక బల్ల మీదికి ఎక్కిస్తున్నాను. పట్టు గట్టిగానే ఉందనుకున్నాను. ఉన్నట్టుండి కుడిచేతి వేళ్లు నన్ను అడక్కుండా విడిపోయాయి. పలక జారి వాడి బూట్ల ముందు భళ్లున పగిలింది. వాడు ఒక్క గెంతు గెంతాడు.

"ఏంటి బావా, చెయ్యి జారిందా?"

"చెమట."

వాడు నా చెయ్యి పట్టుకుని అరచెయ్యి చూశాడు. పొడిగా ఉంది. వెళ్లి చీపురు తెచ్చాడు. నోరు విప్పడని వాళ్లక్క తిడుతుంటుంది గానీ ఆ పూట వాడి నోరు మూసి ఉండడం నాకు మేలైంది. ఆ రోజు నుంచి పెద్ద పలకలకి వాడే ముందుగా వెళ్లి బరువు వైపు నిలబడుతున్నాడు.

అదే వారంలో ఇంట్లో కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నప్పుడు పిక్కలో కండ దానంతటది అదరడం చూశాను. చర్మం కింద పురుగు పాకినట్టు ఒకచోట, ఆగి, ఇంకోచోట. నొప్పి లేదు. మా ఆవిడ వంటింట్లోంచి వస్తున్న చప్పుడు విని గబుక్కున లుంగీ కిందికి లాక్కున్నాను. ఆవిడ చూడకపోతే అది లేనట్టే అని నా ఆశ.

ఆవిడ తిండి తగ్గించేసింది. పిల్లలకి పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోతోందని ఆవిడ స్నేహితురాలు ఫోన్ చేసి అడిగింది. నరాల డాక్టరు దగ్గర పరీక్షకి తేదీ దొరికింది, అది ఇంకా దూరంగా ఉంది. ఈలోపు ఈవిడే నాకన్నా ముందు మంచం పట్టేలా ఉంది. చూడలేక ఒక సాయంత్రం, "నీతో చెప్పడం మరిచాను, రెండు రోజులుగా చిటికెన వేలు మొద్దుబారుతోంది," అన్నాను.

చేతిలో ఉన్న గిన్నె అలాగే పట్టుకుని నా దగ్గరికి పరుగున వచ్చింది. "నిజంగానా? ఒక్క చిటికెన వేలేనా?"

"ఉంగరపు వేలు కూడా."

"మొత్తమా, సగమా?"

ఆవిడ కళ్లలో వెలుగు చూసి నాకు హుషారొచ్చింది. కొసరుదామనుకున్నాను. "మొత్తం. మధ్యవేలు కూడా కాస్త."

ఆవిడ గిన్నె కింద పెట్టింది. నా చెయ్యి తీసుకుని ఉంగరపు వేలి నడుమ గోటితో నిలువుగా గీత గీసింది. "ఆ నరం ఇక్కడిదాకానే వస్తుందండీ. ఈ వేలు సగమే దానిది. మధ్యవేలికి అసలు పోదు. అబద్ధం ఆడేముందు నన్ను అడిగితే నేను చెప్పేదాన్ని కదా," అంది. నవ్వింది కూడా. అన్ని రోజుల్లో అదే మొదటి నవ్వు. ఆ నవ్వు అలాగే ఏడుపయింది. నా భుజానికి మొహం ఆనించి, పిల్లలు ఏడ్చినట్టు, ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది. నాకేం చెయ్యాలో తోచక వీపు నిమురుతూ, "ఇక మీదట నీ దగ్గర పాఠం చెప్పించుకునే అబద్ధం ఆడతాలే," అన్నాను.

ఏడుపు తగ్గాక, పరీక్షలో ఏం చేస్తారో చెప్పమన్నాను. ఏదీ తెలియకుండా వెళ్లి పడుకోవడం నా వల్ల కాదన్నాను. కండలోకి సన్నటి సూది గుచ్చుతారట. ఆ సూదికి మిషను, మిషనుకి స్పీకరు. ఆరోగ్యంగా ఉన్న కండ ఊరికే వదులుగా ఉన్నప్పుడు చప్పుడు చెయ్యదు. బిగిస్తే చేస్తుంది, అది మామూలే. నరం తెగిపోతున్న కండ మాత్రం వదులుగా ఉన్నా రేకుల మీద చినుకులు పడ్డట్టు టపటపమంటూనే ఉంటుంది.

"మీ చేతిలో ఆ చప్పుడు వస్తుంది. రానివ్వండి, కంగారుపడకండి. ఏ జబ్బైనా అక్కడ వస్తుంది," అంది. నా మోకాలి మీద చెయ్యి వేసి, "కాల్లో రాకూడదు. మోచేతి నరానికీ కాలికీ సంబంధం లేదు," అంది.

అప్పుడు పిక్క అదిరే సంగతి చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆవిడ అప్పుడే కళ్లు తుడుచుకుని పొయ్యి వెలిగించింది. ఊరుకున్నాను.

నరాల డాక్టరు నాకన్నా చాలా చిన్నవాడు. మెత్తటి మనిషి. మా ఆవిడని మేడం అని పిలిచి, ఆవిడని లోపలే ఉండనిచ్చాడు. గది చల్లగా ఉంది. నన్ను ఎత్తుగా ఉన్న బల్ల మీద పడుకోబెట్టారు. ఆవిడ నా కాళ్ల వైపు నిలబడింది, అక్కడి నుంచి ఆవిడకి మిషను తెర కనబడుతుంది, నాకు కనబడదు. నేను ఆవిడ మొహం చూస్తూ పడుకున్నాను.

సూది మొదట చేతి గుంటలో దిగింది. స్పీకరులోంచి టపటపమని వచ్చింది. ఆవిడ చెప్పినట్టే ఉంది. నాకేసి చూసి, ఇది మనం అనుకున్నదే అన్నట్టు తలాడించింది. తర్వాత ముంజేతిలో గుచ్చాడు, వేరే నరానికి చెందిన కండలో. స్పీకరు గప్‌చిప్. జబ్బలో గుచ్చాడు. అక్కడా చప్పుడు లేదు. మా ఆవిడ ఊపిరి వదలడం నాకు వినబడింది. ఆవిడ పెదవుల చివర కాస్త నవ్వు కూడా కనబడింది. నాకు ఒక్కసారి ఒళ్లు తేలికైంది. బయటికి వెళ్లగానే ఈవిడకి మంచి హోటల్లో భోజనం పెట్టించాలని, ఎదురుగా కూర్చుని కంచం ఖాళీ అయ్యేదాకా లేవనివ్వకూడదని అనుకున్నాను.

"ఇప్పుడు కాలండీ. పూర్తిగా వదిలెయ్యండి," అన్నాడు డాక్టరు.

వదిలేశాను. ఆ కాలు నాది కాదన్నట్టు, బల్లదన్నట్టు వదిలేశాను. పిక్కలో సూది చురుక్కుమంది.

చినుకులు పడ్డాయి. ముందు ఒకటీ అరా. తర్వాత ఆగకుండా.

డాక్టరు సూదిని కాస్త పక్కకి తిప్పాడు. అక్కడా అదే. ఆయన నన్ను చూడలేదు, మా ఆవిడని చూశాడు. మా ఆవిడ తెరని చూస్తోంది. ఆ మొహంలోకి నేను చూడలేకపోయాను, అయినా చూశాను. ఆవిడ ఒక అడుగు ముందుకు వేసి నా పిక్క కింద చెయ్యి పెట్టింది. ఏ కండ బిగిసిందో ఏది వదులుగా ఉందో ఆ చేతికి మిషనుకన్నా బాగా తెలుసు. చెయ్యి చల్లగా ఉంది.

"కాలు బిగబట్టారండీ మీరు," అంది. గొంతు మామూలుగానే ఉంది. "అందుకే ఈ చప్పుడు. వదలండి."



నా కాలు గుడ్డపీలికలా పడి ఉంది. దాని కిందే ఆవిడ చెయ్యి ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈవిడ నాతో ఎన్ని విషయాల్లో దెబ్బలాడిందో లెక్కలేదు గానీ, కండల గురించి తెలిసి తెలిసి ఒక్క మాట తప్పు చెప్పలేదు.

"అవును, బిగబట్టినట్టే ఉన్నాను," అన్నాను. "సూది అంటే భయం కదా. ఉండు, వదులుతాను."

కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి తీసి వదిలాను. చప్పుడు అలాగే ఉంది. కళ్లు తెరిచేసరికి డాక్టరు తల వంచుకుని, రెండో చెయ్యి మిషను వైపు చాపి, స్పీకరు గుండీ నెమ్మదిగా తిప్పుతున్నాడు. చినుకులు సన్నబడ్డాయి. తర్వాత వినబడలేదు.

"ఇప్పుడు తగ్గింది, చూశారా," అంది మా ఆవిడ.

"ఆఁ, తగ్గింది," అన్నాను.